తలకి ఎంత పడుతుంది?

గ్రాంటు కోసం ఏ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టినా అందులో ఒక గడి దాదాపు తప్పకుండా ఉంటుంది: లబ్ధిదారుల సంఖ్య. ఇంకో పేజీలో మొత్తం బడ్జెట్ అడుగుతారు. రాసినవాళ్లు ఆ రెండింటినీ కలిపి చూడకపోవచ్చు గానీ, చదివేవాళ్లు తప్పకుండా చూస్తారు. బడ్జెట్‌ను సంఖ్యతో భాగించి తలకి ఎంత పడుతుందో పక్కన రాసుకుంటారు. ఆరోగ్య సమానత కోసం పనిచేసే చిన్న సంస్థల దరఖాస్తులు చాలావరకు ఆ భాగహారం దగ్గరే దెబ్బతింటాయి.

ఒక ఊహాలెక్క వేద్దాం. మండల కేంద్రంలో ఆదివారం మెడికల్ క్యాంపు. టెంటు, కుర్చీలు, ముగ్గురు డాక్టర్లు, బీపీ, షుగర్ పరీక్షలు, మందులు, ఫ్లెక్సీ, మధ్యాహ్నం భోజనాలు అన్నీ కలిపి లక్ష రూపాయలు. వచ్చినవాళ్లు 500 మంది. తలకి 200. ఇంకో సంస్థ ఏజెన్సీలో రోడ్డుకు దూరంగా ఉన్న 25 గూడేల్లో పనిచేస్తానంటోంది. జనాభా అంతా కలిపి 3,000. ఏడాదికి కాన్పులు అటూ ఇటూగా 60. గర్భిణిని మూడో నెల నుంచి, బిడ్డకు 42 రోజులు నిండేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఏడాదికి 15 లక్షలు. తలకి 25,000.

రెండు కాగితాలూ ఒకే టేబుల్ మీదకి వస్తే ఏది నెగ్గుతుందో చెప్పక్కర్లేదు. క్యాంపులో బీపీ ఉందని తేలినవాళ్ల చేతిలో పదిహేను రోజుల మాత్రలు పెట్టి పంపిస్తారు. పదహారో రోజు ఏమైందన్నది రాయడానికి దరఖాస్తులో గడి ఉండదు.

ఆరోగ్య సమానత అంటే అందరికీ తలా ఒక మాత్ర పంచడం కాదు. ఎవరికి అందడం లేదో, ఎందుకు అందడం లేదో చూసి అక్కడ ఎక్కువ పెట్టడం. తలసరి ఖర్చు పెరగడం ఆ నిర్వచనంలోనే ఉంది. ఇది ఎన్జీవోలు కొత్తగా కనిపెట్టిన వాదనా కాదు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్ సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) ఉండాలని, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి ఉండాలని ప్రభుత్వ నిబంధనలే చెబుతాయి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయితే మైదానంలో 30,000 మందికి, కొండల్లో 20,000 మందికి. దూరం ఎక్కువైతే తలకి ఎక్కువ పడుతుందని సర్కారు ఎప్పుడో ఒప్పుకుంది. దరఖాస్తు రాసేవాళ్లు ఈ మాటను వాడుకోవడం మాత్రం అరుదు. 25,000 అన్న అంకె ఎవరి కంటా పడకుండా ఎలా దాచాలా అని తంటాలు పడుతుంటారు. కొందరు 3,000 మందినీ లబ్ధిదారులుగా చూపి తలకి 500 అని రాసేస్తారు. అది అబద్ధం కాదు గానీ, కాస్త లోతుగా అడిగితే నిలబడదు. 60 కాన్పులకు 25,000 చొప్పున పడుతుందని ముందే ఒప్పుకుని, ఎందుకు పడుతుందో పక్కనే చెప్పడం మేలు.

డబ్బు ఎటు నుంచి వస్తుంది

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. ఏ పనులకు పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో మొదటి అంశంలోనే పోషకాహారం, ఆరోగ్యం, తాగునీరు ఉన్నాయి. దేశం మొత్తం మీద ఏటా పాతిక వేల కోట్లకు పైగా ఇలా ఖర్చవుతోంది.

అయితే అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది. కంపెనీ తాను పనిచేసే చోటుకి, చుట్టుపక్కల ప్రాంతాలకి ప్రాధాన్యం ఇవ్వాలి. ఫ్యాక్టరీ పొగ పీల్చే ఊళ్లకు ఖర్చు పెట్టడం న్యాయమే. కాకపోతే పరవాడలోనో, పైడిభీమవరంలోనో, శ్రీసిటీలోనో, హైదరాబాద్ చుట్టూనో కంపెనీలుంటాయి గానీ ముంచింగిపుట్టు కొండల మీద ఏముంటాయి? ఫ్యాక్టరీ లేని చోటికి సీఎస్‌ఆర్ డబ్బు దానంతట అది నడిచి రాదు. సరిగ్గా అలాంటి చోట్లే సబ్ సెంటర్‌కు పోవాలంటే సగం రోజు పడుతుంది. ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఈ స్థానిక ప్రాధాన్యం సూచనే తప్ప తప్పనిసరి కాదని కంపెనీ వ్యవహారాల శాఖ వివరణ ఇచ్చింది. ఆ మాట సీఎస్‌ఆర్ మేనేజర్‌కు తెలిసినా, బోర్డు ముందు పెట్టడానికి ఆయనకొక కారణం కావాలి. కంపెనీ కార్మికుల్లో ఆ కొండల నుంచి వలస వచ్చినవాళ్లు ఉన్నారా, కంపెనీ వాడే నీళ్లో ముడిసరుకో అటు నుంచే వస్తున్నాయా అన్నది కనుక్కుంటే ఆ కారణాన్ని దరఖాస్తే అందించవచ్చు.

సీఎస్‌ఆర్ డబ్బుకు ఏడాది గడువు మెడ మీద కత్తిలా ఉంటుంది. దీర్ఘకాలిక ప్రాజెక్టుదైతే మిగిలిన సొమ్మును మార్చి 31 దాటిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి మార్చాలి. మామూలుదైతే ఆరు నెలల్లో ప్రభుత్వ నిధుల్లో దేనికో ఒకదానికి జమచేయాలి. అందుకే జనవరి నుంచి మార్చి దాకా కంపెనీల్లో ఒకటే హడావిడి. ప్రపోజల్ సిద్ధంగా ఉన్న సంస్థకు అప్పుడు ఫోన్ వస్తుంది. లేని సంస్థ ఫిబ్రవరిలో కూర్చుని నాలుగు రాత్రుల్లో రాస్తుంది. అలా రాసినప్పుడు అంబులెన్సు, ఆర్వో ప్లాంటు, క్యాంపులే చేతికొస్తాయి, ఎందుకంటే వాటికి కొటేషన్ దొరుకుతుంది. గర్భిణి ఇంటికి ఆరుసార్లు నడిచి వెళ్లడానికి ఏ షాపువాడూ కొటేషన్ ఇవ్వడు.

టాటా ట్రస్ట్స్, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ లాంటి పెద్ద దాతృసంస్థలు సొంత నిధి మీద నడుస్తాయి కాబట్టి వాటికి ఈ తొందర తక్కువ. ఒకే సంస్థతో రెండు మూడేళ్లు కలిసి నడిచే ఓపిక ఉంటుంది. అదే పాళ్లలో ప్రశ్నలూ ఎక్కువే.

ఇక విదేశీ డబ్బు. విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ చిన్న సంస్థలను గట్టిగా తాకింది. అంతకుముందు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ ఫౌండేషన్ నుంచి గ్రాంటు తెచ్చి, పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచేది. ఇంగ్లిష్, ఆడిట్, రిపోర్టుల బరువు పెద్ద సంస్థే మోసేది. సవరణ తర్వాత అలా ఇంకొకరికి మళ్లించడం కుదరదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. విదేశీ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. సంస్థకు సొంతంగా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి.

తెలుగువాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అమెరికాలో ఉన్న బంధువు ఊరి సొసైటీకి డబ్బు పంపిస్తానంటాడు. ఆయన ఇంకా భారత పౌరుడే అయి, సొంత కష్టార్జితం బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చేసి ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ లేని ఖాతాలో అది పడితే ఇబ్బంది ఆయనకు కాదు, సొసైటీకి. మనిషి అదే, ఊరు అదే, మారింది పాస్‌పోర్టు రంగు. అందుకే విరాళం తీసుకునే ముందు పాస్‌పోర్టు కాపీ అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ కావాలి, ఆ రకం పనిలో మూడేళ్ల అనుభవమూ కావాలి. నీతి ఆయోగ్ పోర్టల్‌లో నమోదైతే వచ్చే దర్పణ్ నంబరు కూడా చాలాచోట్ల అడుగుతారు. వీటన్నిటికంటే ఎక్కువగా దరఖాస్తుల్ని ఆపేది పేరు. బైలాలో ఒక స్పెల్లింగు, పాన్ కార్డులో ఇంకొకటి, బ్యాంకులో మరొకటి. పరిశీలన మొదలయ్యాక దీన్ని సరిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి ముందే చూసుకోవాలి.

సమస్య ఏమిటో రాయమంటే

చాలా దరఖాస్తులు ఇలా మొదలవుతాయి: "రక్తహీనత తీవ్రమైన సమస్య. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది దీనితో బాధపడుతున్నారు. మా సంస్థ ఈ సమస్యను నిర్మూలించడానికి కంకణం కట్టుకుంది."

అంకె సరైనదే. 2019-21 నాటి ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోది. తెలంగాణది 57.6 శాతం. కానీ రాష్ట్రమంతా అదే స్థాయిలో ఉంటే, ఈ గూడేలకే ఎందుకివ్వాలన్న ప్రశ్నకు జవాబు ఏది? సగటు అంకె సమానత వాదనకు అడ్డం పడుతుంది. అదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం. ఆ అంకె ఒక్కటే చూస్తే ఆపరేషన్లు మితిమీరిన రాష్ట్రమనిపిస్తుంది. వానాకాలంలో వాగు పొంగి గర్భిణిని మంచం మీద మోసుకొచ్చే ఊళ్లూ అదే రాష్ట్రంలో ఉన్నాయి. ఒకరికి అక్కర్లేని కోత, ఇంకొకరికి అవసరానికి అందని కోత. రెండూ కలిపి సగటు తీస్తే ఇద్దరూ మాయమవుతారు.

ఇప్పుడు ఊహాలెక్కలోని గూడేల గురించి ఇలా రాశారనుకుందాం: "25 గూడేల్లో పోయిన ఏడాది 61 కాన్పులు జరిగాయి. 11 గూడేలకు రోడ్డు ఉంది. అక్కడి 29 కాన్పుల్లో 26 ఆసుపత్రిలో అయ్యాయి. రోడ్డు లేని 14 గూడేల్లో 32 కాన్పులైతే ఆసుపత్రిలో అయినవి 13. హిమోగ్లోబిన్ పరీక్ష ఒక్కసారైనా చేసినట్టు ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) నమోదైంది మొదటి గుంపులో 27 మందికి, రెండో గుంపులో 15 మందికి. సబ్ సెంటర్ ఒకటే, అందులో పనిచేసే ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త) ఒక్కరే."

ఇక్కడ కంకణాలేవీ కట్టుకోలేదు. ఒకే సబ్ సెంటర్ కింద రెండు గుంపులను పక్కపక్కన పెట్టారంతే. రోడ్డు ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా. తేడా ఎంతో, ఎందుకో ఆరు వాక్యాల్లో తేలిపోయింది. 25,000 ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే వచ్చేసింది. ఇలాంటి లెక్కకు పెద్ద సర్వే అక్కర్లేదు. ఇంటింటికీ తిరిగి ఎంసీపీ కార్డులు చూసి, ఆశా దగ్గరున్న జాబితాతో సరిపోల్చుకుంటే చాలు. ఒక నెల పని. ఆ నెల జీతం మాత్రం ఏ గ్రాంటులోనూ రాదు. చిన్న సంస్థకు దరఖాస్తు అయ్యే అసలు ఖర్చు అది.

ఫొటోల గురించి ఒక మాట. డోలీలో ఉన్న గర్భిణి ఫొటోను కవర్ పేజీ మీద వేసే అలవాటు బాగా పాతుకుపోయింది. ఆమె ముఖం కనిపించాల్సిన అవసరం లేదు. డోలీ కర్ర, రాళ్ల దారి, మోస్తున్నవాళ్ల పాదాలు చాలు. టీబీ, సికిల్ సెల్, హెచ్‌ఐవీ లాంటి వాటిలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇరవై ఇళ్లున్న గూడెంలో పేరు మార్చి రాసినా మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది.

మాట ఇచ్చేటప్పుడు కూడా లెక్క చూసుకోవాలి. "మూడేళ్లలో మాతృ మరణాలు సగానికి తగ్గిస్తాం" అని రాసిన దరఖాస్తులు కొల్లలు. 2018-20 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 45. ఏడాదికి 60 కాన్పులయ్యే చోట ఆ రేటున ఒక మరణం సంభవించడానికి సుమారు 37 ఏళ్లు పడుతుంది. కొండల మీద ప్రమాదం అయిదు రెట్లు అనుకున్నా ఏడేళ్లకొకటి. మూడేళ్ల గ్రాంటులో తగ్గిందో లేదో ఏం చూపిస్తారు? ఆ ఏడాది దురదృష్టవశాత్తూ ఒక తల్లి చనిపోతే, ఎంత మంచి పని జరిగినా రిపోర్టులో అది వైఫల్యంగానే కనిపిస్తుంది. నాలుగు చెకప్‌లు అందినవాళ్లెందరు, ఆసుపత్రి కాన్పుల్లో రోడ్డున్న గూడేలకూ లేని గూడేలకూ మధ్య తేడా ఎంత తగ్గింది, 42 రోజుల్లోపు బిడ్డను ఎన్నిసార్లు చూశారు అన్నవైతే లెక్కపెట్టగలిగినవి. తేడా తగ్గించడమే పనైనప్పుడు కొలవాల్సిందీ ఆ తేడానే.

బడ్జెట్‌లో చివరి గీత

ఆ 15 లక్షలు ఎలా విడిపోతాయో చూద్దాం. ఐదేసి గూడేలకు ఒకరు చొప్పున ఐదుగురు స్థానిక కార్యకర్తలు, నెలకు 6,000 చొప్పున 3,60,000. ఇద్దరు నర్సులు, నెలకు 22,000 చొప్పున 5,28,000. ఒక కోఆర్డినేటర్, 3,00,000. బైకులు, పెట్రోలు, రిపేర్లు 96,000. హిమోగ్లోబిన్ మీటరు, స్ట్రిప్పులు, బీపీ మెషీన్లు, తూకం 60,000. అత్యవసరానికి జీపు కిరాయి, డోలీ మోసినవాళ్లకు కూలి 60,000. శిక్షణ 36,000. అకౌంటెంటు, ఆడిట్, ఆఫీసు 60,000.

పరిశీలించేవాళ్ల మొదటి ప్రశ్న ఊహించదగినదే: "జీతాలకే 79 శాతమా?" ఈ పనిలో మందు మనిషే. ఐరన్ మాత్ర సర్కారు ఉచితంగానే ఇస్తోంది. అది గూడెం దాకా వెళ్లాలి, ఆమె మింగాలి, కడుపులో తిప్పితే మానేయకుండా ఎవరో ఒకరు మళ్లీ వెళ్లి చెప్పాలి. ఆ ఎవరో ఒకరి కోసమే ఈ 15 లక్షలు. దీన్ని బడ్జెట్ పక్కన మూడు వాక్యాల్లో రాయకపోతే జీతాల గీత మీద ఎర్ర పెన్ను పడుతుంది.

ఈ బడ్జెట్‌లో అసలు తప్పు వేరే ఉంది. చివరి గీత. నెలకు 5,000 రూపాయల్లో అకౌంటెంటు, ఆడిటర్ ఫీజు, ఆఫీసు అద్దె, ఇంటర్నెట్, మూడు నెలలకోసారి యూసీ (డబ్బు వినియోగ ధ్రువపత్రం), రిపోర్టు, అన్నీ ఎలా వస్తాయి? రావు. కోఆర్డినేటర్ రాత్రిళ్లు వోచర్లు అంటిస్తూ కూర్చుంటాడు. తలకి అయ్యే ఖర్చు ఎక్కువ కనబడుతుందని సంస్థే ముందుగా కోసుకున్న గీత అది. "5 శాతం దాటకూడదట" అన్న మాట కూడా దీనికి తోడవుతుంది. 2021 నాటి సీఎస్‌ఆర్ నిబంధనల్లో 5 శాతం పరిమితి ఉన్నమాట నిజమే. కానీ అది సీఎస్‌ఆర్ విభాగాన్ని నడపడానికి కంపెనీ తన సొంత ఆఫీసులో పెట్టుకునే ఖర్చు మీద. క్షేత్రంలో పనిచేసే సంస్థ అకౌంటెంటు జీతం మీద కాదు. కొన్ని కంపెనీలు తమ సొంత విధానంగా సంస్థలకూ అదే పరిమితి పెడతాయి. అది బేరమాడదగినదే. నిబంధన కాపీ చేతిలో పెట్టుకుని మర్యాదగా అడిగితే దిగొచ్చిన సందర్భాలు లేకపోలేదు. నిజాయితీగా వేస్తే ఈ బడ్జెట్ 17 లక్షలు అవుతుంది. తలకి 28,000 దాటుతుంది. దాటనివ్వాలి.

గ్రాంటు అయిపోయాక?

ఏ ఇంటర్వ్యూలో అయినా చివరికి ఈ ప్రశ్న వస్తుంది. "సమాజమే నడిపించుకుంటుంది" అన్న జవాబు అడిగినవాళ్లూ నమ్మరు, చెప్పినవాళ్లూ నమ్మరు. కూలికి వెళ్తే గాని పొయ్యి వెలగని గూడెం నర్సుకు జీతం ఎలా ఇస్తుంది? యూజర్ ఫీజు పెడతామని రాస్తే ఇంకా అన్యాయం. ఎవరికి అందడం లేదని దరఖాస్తు పెట్టారో, మళ్లీ వాళ్ల దగ్గరే వసూలు చేసినట్టవుతుంది.

నమ్మదగిన జవాబు ఒకటుంది: ఫలానా పనిని ఫలానా తేదీకి సర్కారు వ్యవస్థ తీసుకుంటుంది. దానికి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి దగ్గర, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యారోగ్య అధికారి) దగ్గర మొదటి ఏడాదే కూర్చోవాలి. మొత్తం తీసుకోకపోవచ్చు. కార్యకర్తల్లో ఇద్దరు ఆశాలుగా ఎంపిక కావచ్చు, కాన్పుకు ముందు ఉండే వసతి గృహానికి గర్భిణుల జాబితా వెళ్లే పద్ధతి నిలబడవచ్చు, ఏఎన్‌ఎం టూర్ ప్లాన్‌లో ఆ 14 గూడేలు చేరవచ్చు. అంతవరకే రాస్తే చాలు.

ఇలా జరిగిన ఉదాహరణ తెలంగాణ సరిహద్దు అవతలే ఉంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి. అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల 'సెర్చ్' సంస్థ 1990లలో 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డలను ఇంటి దగ్గరే చూసే పద్ధతి నడిపింది. మరో 47 గ్రామాలతో పోల్చి చూస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. 2011లో కేంద్రం ఇంటి దగ్గరి నవజాత సంరక్షణను ఆశాల పనిగా దేశమంతటికీ తెచ్చింది. బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా ఇంటికి వెళ్లి చూడాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా.

ఆ సందర్శనలన్నిటికీ కలిపి కేంద్రం నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. ఆశా ఇంటి పక్క వీధిలో పుట్టిన బిడ్డకైనా అంతే, వాగు దాటి ఆరు కిలోమీటర్లు కొండెక్కితే గాని కనిపించని గూడెంలో పుట్టిన బిడ్డకైనా అంతే.